ఏడో రోజు వినిపించిన చప్పుడు

2021 మే 13 రాత్రి. పన్నెండు దాటింది. తుంగభద్ర వంతెన దిగి కాస్త ముందుకొస్తే తెలంగాణ సరిహద్దులో పుల్లూరు టోల్‌ప్లాజా. ఆ వేళప్పుడు కూడా తారు రోడ్డు సెగ కక్కుతూనే ఉంది. ముందు ఒక అంబులెన్సు, దాని ముందు ఇంకొకటి, ఆ ముందు లెక్క తెలియనన్ని. పైన నీలం లైట్లు తిరుగుతున్నాయి గానీ సైరన్ మోగించే ఓపిక ఏ డ్రైవరుకూ లేదు, తలుపులు బార్లా తీసి, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, అంతా బారికేడ్ల వంకే చూస్తున్నారు. లోపల సిరంజి పంపు కీచుమంది. ఆక్సిజన్ మీటరు ముల్లు ఇంకో గీత దిగింది.

"ఎంతసేపొస్తాది?" కొడుకు అడిగాడు.

"ఇట్లే వాడితే రెండు గంటలు." టెక్నీషియన్ తలెత్తలేదు.

"హైదరాబాద్‌కు?"

"గేటు తీస్తే మూడున్నర."

రెండో సిలిండరు ఉంది. ఖాళీది. కర్నూల్లో ఆ సాయంత్రం నింపి ఇచ్చేవాళ్లు దొరకలేదు.

కానిస్టేబుల్ టార్చి వేసుకుని వచ్చాడు. ఫేస్ షీల్డు లోపల ముఖం చెమటతో మెరుస్తోంది.

"పర్మిషన్ ఉందా?"

"ఆస్పత్రి లెటర్ వాట్సాప్‌లో పంపినారు సార్. బెడ్డు ఉందని రాసిచ్చినారు."

"లెటర్ ఒక్కటుంటే కాదు బాబూ. బయటి రాష్ట్రం పేషెంట్లకు కంట్రోల్ రూం నుంచి పాస్ రావాలె. కరోనా పేషెంటేనా?"

"కరోనా కాదు సార్. నెగెటివ్. మా నాయన గుండెకు బొక్క పడింది."

టార్చి వెలుగు స్ట్రెచర్ మీద పడింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి. నెరిసిన గడ్డం. మాస్కులో ఊపిరి పొగలా కమ్ముతోంది, విడుతోంది.

"బొక్కనా? పుట్టుకతోనే ఉండెనా?"

"లేదు సార్. మొన్న తెల్లారుజామున పడింది."

*

మే 5, బుధవారం. ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ మొదలైన రోజు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా అంగళ్లు; ఆ తర్వాత వీధిలో మనిషి కనబడకూడదు. పదకొండున్నరకు రెండు సంచుల సరుకులు మోసుకుని ఆయన గడప ఎక్కాడు. సంచులు కింద పెట్టాడు. తను కూడా అక్కడే కూలబడ్డాడు.

"ఏమయ్యా, ఏమాయ?"

"గ్యాసు. పొద్దున్నించి ఏమీ తినలేదు గదా."

భార్య ఈనో కలిపిచ్చింది. తేన్పొచ్చింది. నొప్పి పోలేదు. జీలకర్ర కషాయం తాగాడు. ఎడమ చెయ్యి లాగుతుంటే, ముప్పై ఏళ్లు స్టీరింగ్ తిప్పిన చెయ్యి, లాగక ఏం చేస్తుందన్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కువ సర్వీసు కర్నూలు–హైదరాబాద్ రూట్లోనే. ఒళ్లు నొప్పులు ఆయనకు కొత్త కాదు. సాయంత్రానికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఆస్పత్రికి పోదాం పా నాయనా," అన్నాడు కొడుకు.

"పిచ్చి పట్టిందారా?" ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. ఆ వారంలో అదే వీధిలో రెండు చావులు. ఇద్దర్నీ నడిపించుకుంటూనే తీసుకుపోయారు. ఇద్దరి ముఖాలూ ఇంటివాళ్లకు మళ్లీ కనబడలేదు. "ఇప్పుడు ఆ గేట్లోకి పోతే కరోనా వార్డులో వేస్తారు. లేనోడికీ అంటుకుంటాది. నేను పోను."

పోలేదు. ఆ రాత్రి గడిచింది. మర్నాడు గడిచింది. శుక్రవారం రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నాడు, కూర్చుంటే దగ్గు, దగ్గితే నురగ. పక్కింటివాళ్లు కిటికీలోంచి అందించిన ఆక్సీమీటరు వేలికి తగిలిస్తే ఎర్ర అంకెలు కాసేపు తడబడి 89 దగ్గర ఆగాయి. ఇంట్లో అందరి నోటా ఒకే మాట. కరోనా.

శనివారం తెల్లారి మొదట ముక్కులో పుల్ల పెట్టారు. నెగెటివ్. నమ్మకం కుదరక రెండో పరీక్షకు పంపారు. తర్వాత సీటీ స్కాన్ క్యూ. ఈసీజీ తీసేసరికి మధ్యాహ్నం రెండు. కాగితం పొడవునా చూసి డాక్టరు అడిగాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"బుధవారం సార్."

రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

గడ్డను కరిగించే సూది ఉంది. నొప్పి మొదలైన 12 గంటల్లోపు వేస్తేనే దాని వల్ల మేలు. ఎంత ముందు పడితే అంత కండరం దక్కుతుంది. ఆ 12 గంటలూ బుధవారం రాత్రితోనే అయిపోయాయి. ఇలా ఇంట్లోనే ఓర్చుకున్నది ఈయన ఒక్కడే కాదు. 2020 లాక్‌డౌన్ నెలల్లో దేశంలోని పెద్దాస్పత్రుల లెక్కలు తీసిన కార్డియాలజీ నిపుణులకు, గుండెపోటుతో చేరినవాళ్లు అంతకు ముందేడాదికంటే దాదాపు మూడో వంతు తక్కువ కనిపించారు. గుండెపోట్లు తగ్గాయని ఎవరూ అనుకోలేదు. ఆ మిగతావాళ్లంతా ఏమయ్యారన్నదే అందరి ప్రశ్న.

ఆయన్ను మాత్రం ఐసీయూలో చేర్చారు. మందులు పడ్డాయి. ఆదివారం ఇడ్లీ తిన్నాడు. సోమవారం జోకులేశాడు. మంగళవారం, రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు.

బుధవారం తెల్లారుజామున నాలుగింటికి మంచం మీద ఎగిరి కూర్చున్నాడు.

*

ఊపిరి అందట్లేదు. బీపీ 80. కాళ్లు చల్లబడ్డాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లగా వచ్చాయి. ఆ నెలల్లో తెల్లటి ఎక్స్‌రే అంటే ఎవరికైనా తోచే మాట ఒక్కటే.

"మొన్నటి టెస్టు తప్పేమో," అంది సిస్టర్. "కోవిడ్ వార్డుకి షిఫ్ట్ చేసేద్దామా సార్?"

డ్యూటీ డాక్టరు కుర్రాడు. తల మీంచి కాళ్ల దాకా పీపీఈ కిట్. చెవులు హుడ్ కింద. ఆ కిట్ వేసుకుంటే స్టెతస్కోపు చెవిలో పెట్టుకునే వీలుండదు. అందుకే వార్డులో స్టెతస్కోపులన్నీ నర్సుల బల్ల పక్కన మేకుకి వేలాడుతూ వారాలుగా దుమ్ము పట్టాయి, రోగుల్ని అంకెలతోనే చూస్తున్నారు. చేరిన రోజు నుంచి ఈ మనిషి గుండెను ఎవరూ చెవితో విన్నట్టు కేస్ షీట్లో లేదు.

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. గ్లవుజు మార్చుకున్నాడు. మేకు మీది స్టెతస్కోపు తీసి స్పిరిట్‌తో తుడిచాడు. మెడ దగ్గర హుడ్ వదులు చేసి, ముఖం పక్కకి తిప్పుకుని, రెండు కొసలూ లోపలికి దూర్చి చెవుల్లో పెట్టుకున్నాడు. వంగాడు.

లబ్ లేదు, డబ్ లేదు. రొమ్ము ఎముకకి ఎడమగా ప్రతి కొట్టుకూ ఒక గరగర. చెయ్యి ఆనిస్తే చర్మం కిందే అదురు తెలుస్తోంది.

"షిఫ్ట్ వద్దు," అన్నాడు. "ఎకో మిషన్ తెప్పించండి. ఇప్పుడే."

ఎకో తెర మీద రెండు గదుల మధ్య గోడ కనిపించింది. కింది కొస దగ్గర గోడ లేదు. అక్కడ ఎడమ గదిలోంచి కుడి గదిలోకి రంగుల ధార దూకుతోంది. గుండెపోటులో రక్తం అందక చచ్చిన కండరం రోజులు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. మొదటి వారం లోపలే ఒక్కోసారి చిరిగిపోతుంది. మూసుకున్న నాళం సకాలంలో తెరుచుకుంటే ఈ చిరుగు చాలా అరుదు. ఆలస్యమైతేనే దాని వంతు వస్తుంది. పూడ్చకపోతే ఎక్కువ మంది బతకరు.

పొద్దున పెద్ద డాక్టరు కొడుకుని పక్కకి పిలిచాడు. "ఇది ఇక్కడ అయ్యే పని కాదు బాబూ. హైదరాబాద్ చేరిస్తే ఏదో ఒకటి చేయొచ్చు. చేర్చగలవా?"

బెడ్డు దొరకడానికి ఒక పగలు, ఒక రాత్రి. అంబులెన్సు దొరకడానికి ఇంకో పగలు. మూడెకరాల పాస్‌బుక్ పట్టుకుని ఆమె అన్నగారింటికి వెళ్లొచ్చింది. అంబులెన్సులో ఒక్కరికే చోటన్నారు. కొడుకు ఎక్కాడు. ఆమె వాకిట్లో నిలబడిపోయింది. పుల్లూరు దగ్గర రోడ్డు మూసుకుందని అప్పటికి ముగ్గురు చెప్పారు.

*

రెండున్నర. ముల్లు ఎర్ర గీత తాకింది.

టెక్నీషియన్ నాబ్ కొద్దిగా తిప్పాడు. ఎనిమిది లీటర్లు ఐదయ్యాయి. స్ట్రెచర్ మీద ఆయన కళ్లు తెరిచాడు.

"యాడున్నాం?"

"పుల్లూరు నాయనా."

"ఇంగా పుల్లూరేనా?" మాస్కులోంచి మాట బొంగురుగా వచ్చింది. "ఈపాటికి జడ్చర్లలో టీ తాగాల్సింది."

ఫోన్ మోగింది. హైదరాబాద్ ఆస్పత్రి నుంచి రాత్రి డ్యూటీ మనిషి. కంట్రోల్ రూంకి నలభై నిమిషాలుగా ప్రయత్నిస్తే ఇప్పుడు దొరికారట. పాస్ నంబరు చెప్పాడు. కొడుకు అరచేతి మీదే రాసుకుని పరుగెత్తాడు. కానిస్టేబుల్ ఆ చెయ్యి పట్టుకుని టార్చి వెలుగులో నంబరు చదివాడు. వైర్‌లెస్‌లో అడిగాడు. జవాబు రావడానికి ఒక నిమిషం పట్టింది. బారికేడ్ తనే లాగాడు.

"పో అన్నా. జల్ది పో."

బండి దూకింది, ఆలంపూర్ చౌరస్తా వెనక్కి పోయింది, ఎర్రవల్లి పోయింది, కళ్లు మూసుకునే ఆయన రోడ్డు అదురుని బట్టి ఊళ్ల పేర్లు గొణుగుతున్నాడు, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన అతుకుల మీద చక్రాలు టకటకమంటే సూది గుచ్చిన చెయ్యి కాస్త పైకి లేచింది, ఒడ్డునున్న ఆంజనేయస్వామికి దండం పెట్టకుండా ఆ వంతెన ఏనాడూ దాటని మనిషి, పెబ్బేరు, కొత్తకోట, అడ్డాకుల, భూత్పూర్ దాటాక ఆ గొణుగుడూ ఆగిపోయింది. జడ్చర్ల ఇంకా రాలేదు. ముల్లు సున్నా మీద పడుకుంది.

డ్రైవరు హైబీమ్ కొట్టాడు. ఎదురుగా హైదరాబాద్ నుంచి ఖాళీగా తిరిగొస్తున్న అంబులెన్సు. ఆపాడు. ఆ డ్రైవరు ఎవరని అడగలేదు, ఏమిస్తారని అడగలేదు. సీటు కింద దాచుకున్న చిన్న సిలిండరు తీసి డివైడరు మీదుగా అందించాడు. తెల్లారి ఆరింటికి సిటీలో లాక్‌డౌన్ సడలింపు మొదలై జనం పాల ప్యాకెట్ల కోసం రోడ్డెక్కుతుంటే అంబులెన్సు ఆస్పత్రి గేట్లోకి తిరిగింది. ఆ రోజే తెలంగాణ హైకోర్టు సరిహద్దు పాస్ నిబంధనను నిలిపేసింది.

పాస్ గొడవ తీరింది. లోపలి గొడవ మొదలైంది.

*

ముందు మళ్లీ ముక్కులో పుల్ల. రిజల్ట్ వచ్చే దాకా విడిగా ఒక గది. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం, దాని కొసన ఒక పొడవాటి బెలూన్. హీలియం వాయువుతో అది గుండె కొట్టుకు కొట్టుకు మధ్య ఉబ్బుతుంది, గుండె పిండే వేళకి ముడుచుకుంటుంది. ఆ బెలూన్ మోస్తున్నంత సేపే ఆయన బీపీ. యాంజియోగ్రామ్‌లో ఎడమ పక్క ముందు నాళం నిలువునా మూసుకుపోయి కనిపించింది.

సర్జన్ సెల్లారు మెట్ల దగ్గరికే వచ్చి మాట్లాడాడు.

"ఇప్పుడు కోసి కుడితే నానిన కాగితానికి కుట్టేసినట్టే. దారం లాగితే చిరుగుతుంది. రెండు మూడు వారాలు ఆగితే అంచులు గట్టిపడతాయి."

"ఆగుదాం సార్."

"మనం ఆగుతాం. ఆయన ఆగాలి కదా."

కొడుకు బస సెల్లారులోనే. అట్టముక్క పరుచుకుని, బ్యాగు తలకింద పెట్టుకుని. లాడ్జీలు మూత. సడలింపు 6 నుంచి 10. ఆ నాలుగు గంటల్లో దొరికిన పులిహోర పొట్లమే మధ్యాహ్నానికీ రాత్రికీ. పైకి పోనివ్వరు. సాయంత్రం ఐదింటికి సిస్టర్ ఫోన్ ఆయన ముఖం ముందు పెడుతుంది. కర్నూల్లో ఆమె నాలుగున్నర నుంచే ఫోన్‌ని చెంబుకి ఆనించి కూర్చుంటుంది.

"ఏమయ్యా, తిన్నావా?"

తల ఊగుతుంది. తెర నల్లబడుతుంది.

నాలుగో రోజు ఆయన తల ఊపలేదు.

మూత్రం సంచిలో గంటకి పది మిల్లీలీటర్లు కూడా పడట్లేదు. కిడ్నీల తీరు చెప్పే క్రియాటినిన్ 3 దాటింది. డాక్టర్లు ఇక ఆగేది లేదన్నారు. కోయకుండా, నాళాల గుండానే వెళ్లి రంధ్రానికి అడ్డుగా ఒక పరికరం పెట్టి చూస్తామన్నారు. టేబుల్ మీదే ప్రాణం పోవచ్చన్నారు. సంతకం చెయ్యమన్నారు.

కొడుకు తల్లికి ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు ఏ మాటా లేదు.

"నన్నడిగితే ఏం చెప్పేది నాయనా? ఆయన్నే అడుగు."

సిస్టర్ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. మాట పెగలడానికి మూడు ఊపిర్లు పట్టాయి.

"చేయమను. మళ్లా ఆ టోల్‌గేట్ దాటి ఇంటికి పోవాల గదా."

*

క్యాథ్‌ల్యాబ్‌లో ఏసీ హోరు. గొంతులోంచి ఎకో గొట్టం దించాలి. అలా దించేటప్పుడు తుంపర్లు లేస్తాయి, అందుకని రిపోర్టు నెగెటివ్ అయినా అందరికీ పూర్తి కిట్. దాని కింద సీసపు ఏప్రాన్. పావుగంటకే డాక్టరు కళ్లద్దాలు మసకబారాయి.

తొడ ధమనిలోంచి తీగ బయల్దేరింది. బృహద్ధమని వంపు తిరిగింది. ఎడమ గదిలో దిగింది. ఇప్పుడది చిరుగు దారి వెతుక్కుని కుడి గదిలోకి పడాలి, అక్కడ మెడ సిరలోంచి దించిన ఉచ్చు దాన్ని పట్టుకుని పైకి లాగాలి, అలా తొడ నుంచి మెడ దాకా గుండెలోంచే ఒక దారి పడితే, ఆ దారి వెంట మెడ వైపు నుంచి పరికరాన్ని తోయాలి. ఒకసారి తప్పింది. రెండోసారి తీగ కండల తాళ్లలో చిక్కింది. మూడోసారి దూరింది.

దూరుతూ గోడని గీరింది. మానిటరు మీద గీతలు ఒక్కసారిగా వెడల్పయ్యాయి. బీపీ అంకె మాయమైంది.

"వీటీ! చార్జ్ 200. అందరూ జరగండి."

ఒళ్లు ఎగిరి టేబుల్ మీద పడింది. గీత అడ్డంగా సాగింది. ఒక కొట్టు. ఇంకో కొట్టు. లయ కుదిరింది. ఎవరూ మాట్లాడలేదు. తీగ మాత్రం డాక్టరు వేళ్ల మధ్య ఇంకా బిగిసే ఉంది. వదల్లేదు.

రంధ్రం 14 మిల్లీమీటర్లు. తెచ్చిన పరికరం 24. నికెల్, టైటానియం కలిసిన సన్నటి తీగల అల్లిక. గొట్టంలో ఉన్నంత సేపు దారంలా సాగి ఉంటుంది, బయట పడగానే తన ఆకారం తనే తెచ్చుకుంటుంది. ఎడమ గదిలో మొదటి పళ్లెం విచ్చుకుంది. వెనక్కి లాగి గోడకి ఆనించారు. రెండో పళ్లెం కుడి వైపు విచ్చుకుంది. మధ్యలో గోడ చిక్కింది. డాక్టరు కేబుల్ పట్టి ఆడించి చూశాడు. కదల్లేదు. మర తిప్పి విడిచిపెట్టాడు.

ఎకోలో రంగుల ధార ఆగింది. ఆగినట్టే ఆగి, అంచు పక్కన సన్నగా మళ్లీ చిమ్మింది.

"కొంచెం లీకుంది," అన్నాడు. "చూద్దాం."

*

మర్నాటికి బీపీ 110. బెలూన్ వేగం తగ్గించారు. మూత్రం పడింది. కొడుకు సెల్లారులో తెలియని మనిషిని కావలించుకున్నాడు.

రెండో రోజు ఉదయం సిస్టర్ మూత్రం సంచి ఎత్తి వెలుతురుకి పట్టింది. రంగు కోకాకోలా.

ఆ సన్నటి లీకు జోరుకి ఎర్ర కణాలు లోహపు తీగలకు కొట్టుకుని చితికిపోతున్నాయి. హిమోగ్లోబిన్ 7కి పడింది. రక్తం కావాలి. బ్లడ్ బ్యాంకులో ర్యాకులు ఖాళీ. కాలేజీలు లేవు, క్యాంపులు లేవు, ఇచ్చే వయసువాళ్లు టీకాల వరసలో ఉన్నారు. అంతకు ముందు టీకా వేసుకున్నాక 28 రోజులు రక్తం ఇవ్వకూడదు. ఆ మే నెలలోనే దాన్ని 14కి తగ్గించారు. సెల్లారులో ఉన్నవాళ్లందరినీ కొడుకు ఒకే ప్రశ్న అడుగుతూ తిరిగాడు.

"అన్నా, సూది వేసుకుని ఎన్ని దినాలైంది?"

పదకొండు. ఆరు. తొమ్మిది. ఎవరో పెద్దావిడకి తోడుగా వచ్చిన ఆటో డ్రైవరు లేచి నిలబడ్డాడు. "నేనింకా వేసుకోనేలేదు. పద." రెండో యూనిట్‌కి కొడుకే చెయ్యి చాచాడు.

ఆ రాత్రే జ్వరం. 101. మళ్లీ అదే భయం, మళ్లీ ముక్కులో పుల్ల, మళ్లీ విడి గది. వీడియో కాల్ ఆ సాయంత్రం లేదు. కర్నూల్లో ఫోన్ చెంబుకి ఆనుకునే ఉండిపోయింది. పద్దెనిమిది గంటల తర్వాత రిపోర్టు వచ్చింది. నెగెటివ్. మెడ దగ్గరి గొట్టానికి ఇన్ఫెక్షన్. గొట్టం తీశారు, యాంటీబయాటిక్ మార్చారు. జ్వరం దిగింది. రక్తం పలచబరిచే మందు తగ్గించాక అల్లికలో గడ్డ కట్టి లీకు సన్నబడింది. సంచిలో రంగు రోజురోజుకీ తేలికైంది. ఎరుపు, తేనె, పసుపు.

జూన్ రెండో వారంలో డిశ్చార్జి. పుల్లూరులో టోల్ కట్టి రెండు నిమిషాల్లో దాటారు. ఆయన నిద్రపోలేదు. వరసగా ఊళ్ల పేర్లు చెబుతూనే ఉన్నాడు.

గుండె మునుపటిలా లేదు. పంపింగ్ 35 శాతం. మెట్లెక్కితే ఆయాసం. ఉప్పు బంద్. రోజూ బరువు తూకం. పూటకి గుప్పెడు మాత్రలు. ఆమె పాత క్యాలెండరు వెనక గీతలు గీసి ఒక్కొక్కటే టిక్కు పెడుతోంది. డెల్టా, మూడో వేవ్ అంటూ టీవీ అరుస్తూనే ఉంది.

ఆగస్టులో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్. ఆయన బస్సులో పదేళ్లు కండక్టరుగా చేసిన మిత్రుడు.

"అన్నా, నిద్రపోతాండావా? ఏం లేదులే. అన్నం తిన్న కాన్నుంచి ఛాతీలో బరువు. గ్యాసే అనుకుంటా. నీకేదో కషాయం తెలుసు గదా..."

"చెమట పడతాందా?"

"ఉక్కకి..."

"లెయ్. లేచి నిలబడు. మీవాణ్ణి బండి తియ్యమను."

"ఈ రాత్రి పూట ఆస్పత్రికా? కరోనా..."

"కరోనా వస్తే పద్నాలుగు దినాలు పండుకుంటావ్. ఇదట్ల కాదు. మొదలు ఈసీజీ తియ్యమని చెప్పు. పోతావా, నన్ను రమ్మంటావా?"

ఫోన్ పెట్టేశాడు. ఆయాసంతో మంచం మీద కూర్చున్నాడు. ఆమె నీళ్లిచ్చింది. పన్నెండు కావొస్తుండగా మళ్లీ మోగింది. ఈసారి కండక్టరు కొడుకు.

"పెద్దనాయనా, అటాకే అంట. ఇప్పుడే సూది వేసినారు. టయానికి వచ్చినారు అన్నాడు డాక్టరు."